మైనస్ లెక్కలు రాని పిల్ల వల్ల లాభాలు

ప్రతి ఇంట్లోనూ లెక్కలు రాని పిల్ల ఒకతె ఉండి తీరాలి. లేనివాళ్ళకి ప్రభుత్వం వారే కలగజేసుకుని ఏర్పాటు చెయ్యాలి!

నవ్వకండి. ఈ వ్యాసకర్త చాలా గంభీరంగా చెబుతున్న మాట ఇది. అయితే ఏ లెక్క రాకపోయినా సరిపోతుందని పొరబడేరు. కూడికలు రాకపోతే వీధిలో పోయేవాడైనా చెప్పేస్తాడు. ఎక్కాలు నాలుగు మొట్టికాయలతో వచ్చేస్తాయి. రాకపోతే మైనస్ సంఖ్యలే రాకూడదు. సున్నాకి అవతలి పక్క ఉండేవి, కంటికి కనబడనివి, మూడులోంచి అయిదు తియ్యమంటే పుట్టుకొచ్చేవి. వాటిని ఆరో తరగతి పుస్తకంలో ఇరికించిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి ఊరూరా సన్మానాలు జరగాలి.

ఎందుకంటారా? ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో నూకరాజు ఇంట ఏం జరిగిందో వింటే మీరే పూలదండ పట్టుకుని బయల్దేరతారు.

అరవై మూడో సంవత్సరం నాటి మాట. ఇంకా బొగ్గింజన్ల రోజులే. నూకరాజు షంటర్. అంటే యార్డులో చిన్న ఇంజను నడుపుతూ, పెట్టెల్ని అటు తోసి ఇటు లాగి రైళ్ళు కూర్చేవాడు. తాతగారు శ్రీకాకుళం పక్క నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరినప్పటి నుంచీ ఆ కుటుంబానికి రైల్వేయే తల్లీ తండ్రీ.

ఈ నూకరాజుకి లోకంలో రెండే చోట్లు. ఒకటి ఇంజను, రెండోది రైల్వే ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బులో పేకాట బల్ల. డ్యూటీ దిగి, ముఖాన మసి కూడా కడుక్కోకుండా తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళేవాడు. ఇల్లనేది మధ్యలో అన్నం తినడానికీ నిద్రపోవడానికీ రైల్వే వారు దయతలచి ఇచ్చిన వసతి. కూతురు గంగాభవాని ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే ఐదో తరగతి అని ఠక్కున చెప్పేవాడు. ఆ పిల్ల ఆరులోకి వచ్చి అప్పటికి చాలా నెలలైంది.

చెడ్డవాడనుకునేరు, కాదు. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి పెళ్ళాం చిలకమ్మ చేతిలో పెడతాడు. ఆ క్వార్టర్ల లైనులో తండ్రులందరూ అలాగే ఉండేవారు గనక ఇందులో ఎవరికీ తప్పు కనబడలేదు.

అలాంటి ఇంటి మీద మైనస్ సంఖ్యలు కరుణ చూపించాయి!

అర్ధ సంవత్సర పరీక్షలో గంగాభవాని మైనస్ లెక్కలన్నీ తప్పు చేసింది. ఒకటో రెండో కాదు, ఉన్నవన్నీ. లెక్కల టీచరు సరోజమ్మ గారు నూకరాజుని తెలుగు బడికి పిలిపించి, సంవత్సరాంతపు పరీక్షలో కూడా ఇలాగే చేస్తే పిల్లని మళ్ళీ ఆరులోనే కూర్చోబెట్టక తప్పదని చెప్పింది. ట్యూషన్ పెట్టించండి, ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు కదా అని కూడా అంది.

ఆ చివరి మాటే నూకరాజుకి కాలింది. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా? ఇంతింత గూడ్సు బళ్ళు ముక్కలు ముక్కలుగా విడదీసి, మళ్ళీ ఒక్క పెట్టె తేడా రాకుండా కూర్చేవాడికి ఆరో తరగతి లెక్కలు రావా? ట్యూషన్ అక్కర్లేదు, నానే సెప్పుకుంటానని టీచరు ముందే ప్రకటించి, ఆ మాటే దారి పొడుగునా కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంటూ ఇంటికి వచ్చాడు. లైనంతా తెలిసిపోయాక ఇక వెనక్కి తగ్గడానికి వీల్లేకపోయింది.

మర్నాడు డ్యూటీ దిగి ఇన్‌స్టిట్యూట్ వైపు కాకుండా ఇంటి వైపు తిరిగాడు. చిలకమ్మ కంగారు పడిపోయి, జొరమేటన్నా వొచ్చిందా అని నుదురు పట్టుకు చూసింది. వచ్చింది జ్వరం కాదు, సింగాడాల పొట్లం. సమోసాలని అక్కడ అలాగే అంటారు. ఖరిదా బజారులో వేడివేడిగా కట్టించుకుని తెచ్చాడు. తండ్రి చేతిలో పొట్లం చూసి గంగాభవాని, ఇంటికి చుట్టాలెవరైనా వస్తున్నారా అని అడిగింది.

ఇక పాఠం. రైల్వేవాడి బుర్రకి లెక్క ఎలా తోస్తుంది? రైల్లాగే తోస్తుంది. ఖరగ్‌పూర్ సున్నా అన్నాడు. ఇక్కడి నుంచి మద్రాసు వైపు పోయేది అప్ లైను, అది ప్లస్. హౌరా వైపు పోయేది డౌన్, అది మైనస్. హిజ్లీ ప్లస్ ఒకటి, బేనాపూర్ ప్లస్ రెండు, నారాయణగఢ్ ప్లస్ మూడు. అటు జక్‌పూర్ మైనస్ ఒకటి, మాద్‌పూర్ మైనస్ రెండు, శ్యామ్‌చక్ మైనస్ మూడు. ఇంకేం కావాలి? వరండాలో కూర్చుంటే ఎదురుగా లైను, పోయే బళ్ళు, కదిలే పాఠ్యపుస్తకం! గంగాభవాని చకచకా నేర్చేసుకుంది.

వారం తిరక్కుండా సరోజమ్మ గారి దగ్గర నుంచి మళ్ళీ పిలుపు. సంఖ్యారేఖ గియ్యమంటే మీ అమ్మాయి ప్లస్‌లన్నీ ఎడమ పక్కా, మైనస్‌లన్నీ కుడి పక్కా పెట్టింది, పైగా వాటి కింద స్టేషన్ల పేర్లు రాసింది, ఇదేమిటని ఆవిడ అడిగింది. నూకరాజుకి తప్పెక్కడో అర్థం కాలేదు. మా వరండాలోంచి చూస్తే అప్ మెయిల్ ఎడమ చేతి వైపే పోతుంది కదండీ, కావాలంటే వచ్చి చూడండి అన్నాడు. లైనుకి అవతలి పక్క నిలబడి చూస్తే ఎటు పోతుందని ఆవిడ అడిగింది. ఆ రోజు నుంచీ నూకరాజు కుర్చీలు గోడ వైపు తిప్పి, మద్రాసు కుడి చేతికి వచ్చేలా లైనుకి వీపు పెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

పాఠకులు గమనించాలి. వీపు పెట్టి కూర్చున్న తండ్రీ కూతుళ్ళని చూస్తే దారిన పోయే ఎవరికైనా ఏమిటా అని ఆగబుద్ధేస్తుంది. రెండో లాభం అక్కడే మొదలైంది. సాయం చెయ్యడానికి జనం వచ్చారు!

ముందు పక్క క్వార్టరు ఆమోసు వచ్చాడు. వర్క్‌షాపులో టర్నరు, అంటే లేతు మీద ఇనుప కడ్డీలు కొలతకి చెక్కేవాడు. అతని భార్య జ్ఞానరత్నం రైల్వే ఆసుపత్రిలో నర్సు. వాళ్ళమ్మాయి ఆలిస్ కూడా గంగాభవాని తరగతే. ఆ పిల్ల చక్కగా చదువుకునేది గనక ఆమె గురించి చెప్పుకోవలసిందేమీ లేదు.

ఆమోసు వస్తూనే నూకరాజు పాఠంలో తప్పు పట్టాడు. ఖరగ్‌పూర్ జంక్షన్ కదా, మద్రాసు వైపు పోయేది అప్ అయితే టాటా వైపు పోయేదీ అప్పే కదా, మరి నీ సున్నాకి రెండు ప్లస్‌లా అన్నాడు. ఇంకో పక్కకి చీలిపోయే ఆద్రా లైను సంగతేమిటని ఇంకొకరెవరో అడిగారు. వాకిట్లో సుద్దముక్కతో గీసిన సంఖ్యారేఖకి ఆ సాయంత్రం నాలుగు చేతులు వచ్చాయి. లోకంలో గణితశాస్త్రం ఇంత ముందుకి వెళ్ళిన వాకిలి ఇంకోటి లేదు.

తరవాత ఆమోసు తన పాఠం తాను చెప్పాడు. ప్లస్ అంటే కడ్డీ కొలతకన్నా కాస్త లావుగా ఉండటం, మైనస్ అంటే కాస్త సన్నమైపోవటం. లావుగా ఉంటే మళ్ళీ చెక్కుకోవచ్చు, సన్నమైతే మాత్రం స్క్రాప్. గంగాభవాని శ్రద్ధగా తలూపి, మైనస్ మూడు అంటే స్క్రాపు అని పలక మీద రాసుకుంది.

జ్ఞానరత్నం ఊరుకుంటుందా? థర్మామీటరు పట్టుకొచ్చింది. మనిషి నార్మల్‌గా ఉండటమే సున్నా, పైకి పోతే ప్లస్, కిందికి పోతే మైనస్ అంది. నార్మల్ అంటే ఎంతని పిల్ల అడిగింది. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. అయితే సున్నా అంటే తొంభై ఎనిమిది పాయింట్ నాలుగా అని గంగాభవాని ఎంతో వినయంగా అడిగింది. ఆవిడ థర్మామీటరు విదిలించి పెట్టెలో పెట్టేసుకుంది. ఆ మర్నాడు సైకిలు మీద పోతున్న దాస్ దాదా అనే గార్డు దిగి, ఫుట్‌బాల్‌లో కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేస్తే వచ్చేదే మైనస్ అని బెంగాలీలో బోధించాడు. ఆ చర్చ ఏ జట్టు గొప్పదన్న దాని మీదికి పోయి, దీపాలు పెట్టే వేళదాకా సాగింది.

చిలకమ్మ టీలు కాయలేక చచ్చింది. కాని ఆవిడ ముఖం చూస్తే విసుక్కుంటున్నట్టు లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొగుడు పట్టపగలు ఇంట్లో కనబడుతున్నాడు! ఇన్‌స్టిట్యూట్‌లో నూకరాజు కుర్చీ ఖాళీగా పడి ఉంది. నాలుగో చెయ్యి లేక పేకాట ఆగిపోయిందని మనిషి మీద మనిషిని పంపేవారు. వచ్చినవాడు కూడా ఇక్కడే కూర్చుని ఓ పాఠం చెప్పి పోయేవాడు.

అన్నిటికన్నా గొప్ప పాఠం మాత్రం నూకరాజుదే, అది ఒప్పుకోవాలి. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు వస్తుంది? ఈ ముక్క దగ్గర చదువుకున్న వాళ్ళు కూడా నీళ్ళు నములుతారు, అది రూలు అని తప్పించుకుంటారు. నూకరాజు తప్పించుకోలేదు. వాకిట్లోకి దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని, తానే ఇంజనైపోయాడు.

ఇంజను ముఖం మద్రాసు వైపు ఉంటే ప్లస్, హౌరా వైపు ఉంటే మైనస్. ముందుకి పోతే ప్లస్, రివర్సులో పోతే మైనస్. ఇప్పుడు చూడు, నా ముఖం హౌరా వైపు ఉంది, నేను వెనక్కి పోతున్నాను, ఎటు చేరతాను అంటూ, నోటితో కూత వేస్తూ, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. తిన్నగా మద్రాసు వైపు పోయి, దారిలో చిలకమ్మ ఆరేసిన చీరల్లో చిక్కుకుని, నీళ్ళ డ్రమ్ము మీద పడ్డాడు. డ్రమ్ము కూడా మద్రాసు వైపే దొర్లింది.

గంగాభవాని పొట్ట పట్టుకుని నవ్వింది. తడి బట్టలతో కింద కూర్చున్న నూకరాజు ఆ నవ్వు వింటూ ఉండిపోయాడు. తన కూతురు ఇలా నవ్వుతుందని అతనికి అంతవరకూ తెలియదు. నవ్వితే ముక్కు చిట్లిస్తుందనీ, ఆ చిట్లించడం అచ్చం ఆ పిల్ల నాయనమ్మదేననీ కూడా అప్పుడే చూశాడు. ఎంతో సంతోషమేసింది. లేచి, ఇంకోసారి చూపిస్తానన్నాడు.

ఇంతా చేసినా పిల్లకి లెక్కలు రాలేదు!

నిన్న వచ్చింది ఈ రోజు మరిచిపోయేది. ప్లస్ దగ్గర మైనస్ పెట్టేది. ఒక అనుమానం తీరిస్తే తెల్లారేసరికి ఇంకో అనుమానంతో తయారయ్యేది. మొదట్లో ఫరవాలేదులే అనుకున్న నూకరాజుకి, పరీక్షలు దగ్గర పడే కొద్దీ గుండెల్లో రాయి పడింది. లైనంతటా చాటుకున్న పరువు పోతే పోయింది. తోటి పిల్లలందరూ ఏడులోకి వెళ్ళిపోతే భవాని ఒక్కతే తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చోవాలి కదా అన్న ఆలోచన వచ్చి, ఇంజను మీద ఉన్నా మనసు మనసులో ఉండేది కాదు. మైనస్ సంఖ్యలకి కృతజ్ఞతలు చెప్పుకోవలసిన మనిషి వాటిని తిట్టుకోవడం మొదలుపెట్టాడు. అజ్ఞానం అంటే అదే.

పరీక్ష రేపనగా యార్డులో పని తొందరగా తెమిలింది. నూకరాజు ఎప్పటికన్నా ముందే ఇంటికి వచ్చాడు. చిలకమ్మ నీళ్ళకి వెళ్ళినట్టుంది. పెరటి గోడ దగ్గరికి వచ్చేసరికి లోపల ఇద్దరు పిల్లల మాటలు వినబడ్డాయి. ఒక గొంతు తన కూతురిది. రెండోది పక్కింటి ఆలిస్‌ది.

ఆలిస్‌కి మైనస్ గుణకారం దగ్గర ఒక లెక్క పడటం లేదట. అమ్మ డ్యూటీలో ఉంది. నాన్న ఇంట్లో ఉంటేగా అడగడానికి? గంగాభవాని ఒక్క క్షణం ఆలోచించలేదు.

"ఇంజన్ మొకం ఎటుందో సూడు, కదిలీది ఎటో సూడు. రెండూ సూస్తే ఎటు సేరతాదో నీకే తెలిసిపోతాది," అంది.

ఆలిస్ లెక్క చేసింది. వచ్చేసింది. ఇంకోటి చేసింది, అదీ వచ్చేసింది.

గోడకి ఇవతల నూకరాజు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తను చెప్పిందే! అక్షరం పొల్లు పోకుండా తను చెప్పిందే! లోపలికి పరిగెత్తి కూతుర్ని ఎత్తుకోబోయేవాడే, కానీ ఆలిస్ ఇంకో ప్రశ్న వేసింది. ఇంత బాగా వచ్చినదానివి మీ నాన్న దగ్గర రాదని ఎందుకంటున్నావని.

"ముందు నిజంగానే రానేదే. నాన్న రివర్సులో నడిసి పడిపోయినాడు సూడు, ఆ రోజే ఒచ్చీసింది," అంది గంగాభవాని. "ఒచ్చీసిందని సెప్తే మళ్ళీ ఇన్‌స్టిట్యూట్‌కి ఎల్లిపోతాడు."

మరి రేపు పరీక్షలో ఎలాగని ఆలిస్ అడిగింది.

"తప్పు రాసీస్తాను. ఇంకో ఏడు సెప్తాడు."

పాఠకులారా, నూకరాజు అవస్థ ఒక్కసారి ఊహించండి. పెద్ద చదువులు చదివిన వాళ్ళు చెప్పలేనిది షంటరై ఉండి కూతురికి చెప్పగలిగాడు, అంత విజయాన్నీ బయట ఒక్కడికి చెప్పుకోడానికి లేదు! తెలిసిపోయిందని లోపలికి వెళ్ళి చెబితే పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. తెలియనట్టు ఊరుకుంటే రేపు తప్పు రాసి ఆరులోనే ఉండిపోతుంది. సిగ్నలు ఎర్రగా ఉంటే ఆగాలి, పచ్చగా ఉంటే పోవాలి. ఇలాంటి సిగ్నలు అతను తన సర్వీసులో చూడలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. వీధి చివరికి వెళ్ళి, గట్టిగా దగ్గుతూ, అప్పుడే వస్తున్నవాడిలా మళ్ళీ వచ్చాడు. ఆలిస్ గోడ దూకి వెళ్ళిపోయింది. గంగాభవాని ఏమీ రానట్టు ముఖం పెట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం పాఠం చెప్పడానికి వచ్చిన పెద్దలందరినీ నూకరాజు వాకిట్లోంచే పంపించేశాడు. కూతురి పక్కన కూర్చుని, ఏడో తరగతిలో ఏం లెక్కలుంటాయని అడిగాడు. బీజగణితమట నాన్నా, చాలా కష్టమట అంది ఆ పిల్ల. అది తనకి బొత్తిగా రాదని నూకరాజు ఒప్పుకున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

"నువ్వు ఏడుకి ఎల్లి, ఆళ్ళు సెప్పింది నాకు సెప్పాలమ్మా," అన్నాడు. "డ్యూటీ దిగి తిన్నగా ఇంటికొచ్చి కూకుంటాను."

గంగాభవాని తండ్రి ముఖంలోకి చూసింది. "మరి ఇన్‌స్టిట్యూటో?" అంది.

"అక్కడి కుర్సీల నిండా నల్లులే," అన్నాడు నూకరాజు.

పరీక్షలో ఆ పిల్లకి మైనస్ లెక్కలు ఒక్కటీ తప్పు పోలేదు. సరోజమ్మ గారు ఆశ్చర్యపోయి, ఎవరి దగ్గర ట్యూషన్ పెట్టించారని అడిగింది. నూకరాజు చెప్పలేదు. మర్నాడు డ్యూటీ దిగి ఖరిదాలో సింగాడాలు కట్టించుకుని, ఇన్‌స్టిట్యూట్ వైపు తల కూడా తిప్పకుండా ఇంటికి వచ్చాడు. అప్పటి నుంచీ కూతురు చెప్పే బీజగణితం వింటున్నాడు. ఎంత చెప్పినా అతనికి ఎక్కడం లేదు. ఎక్కనివ్వడం లేదని చిలకమ్మ అనుమానం.

కాబట్టి విద్యాశాఖ వారికి మనవి. పుస్తకాల్లో ఇంకా కష్టమైన పాఠాలు పెట్టండి, ఎవరికీ కొరుకుడుపడనివి ఏరి ఏరి మరీ పెట్టండి. బాగా చదువుకునే పిల్లల పక్కన కూర్చోవడానికి మా తండ్రులకి కారణం దొరకడం లేదు.

ఇక ఆమోసు సంగతి. ఏడో తరగతి మూడు నెలల పరీక్షలో, ఎప్పుడూ తరగతిలో మొదటి వరసన ఉండే ఆలిస్‌కి లెక్కల్లో సున్నా వచ్చింది. ఆమోసుకి తల తిరిగిపోయింది. పిల్లకి ఎవరి కన్ను తగిలిందోనని ప్రార్థన చేయించాడు, జ్ఞానరత్నం కళ్ళ డాక్టరుకి చూపించింది. ఎక్కడా లోపం కనబడలేదు. ఆఖరికి నూకరాజు దగ్గరికి వచ్చి, రేపటి నుంచి సాయంత్రాలు మా ఇంట్లో కూర్చుందాం, ఆలిస్‌కి ఇద్దరం కలిసి చెబుదాం రమ్మని బతిమాలాడు.

"నానొస్తే దానికి లెక్కలు రావురా," అన్నాడు నూకరాజు. "నువ్వొక్కడివే కూకుని సెప్పు."